పెరట్లో టెలిస్కోపు

(2026 ఉగాది సభలో, సస్కటూన్‌లో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయింది. లోపల పులిహోర కలుపుతున్నారు. ఈ రెంటికీ నడుమ కార్యవర్గంవారు మాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఆకలి మీద ఉన్న సభకు ఆకాశం గురించి చెప్పబూనటం సాహసమేనని తెలుసు. కాబట్టి తొందరగానే విషయంలోకి వస్తాము.

మేము అంటే ఎవరమో ముందు మనవి చేసుకోవాలి. ఈ ఊళ్ళో పక్కపక్క వీధుల్లో ఉంటున్న మూడు కుటుంబాలవాళ్ళం. మాలో ఖగోళశాస్త్రం చదివినవారు ఒక్కరూ లేరు. ఒకరు పొటాష్ గనుల కంపెనీలో లెక్కలు చూస్తారు, ఒకరు ఆసుపత్రిలో, ఒకరు విశ్వవిద్యాలయంలో పనిచేస్తారు. మూడు ఇళ్ళ సొమ్ముతో కొన్న టెలిస్కోపు ఒకటి మాకు ఉమ్మడి ఆస్తి. ఆ ఆస్తి మీద ఇంతవరకూ తగాదా రాలేదంటే మా మంచితనం వల్ల కాదు, అది నీళ్ళ బాయిలరంత ఉంటుంది కనుక ఎవరూ తమ ఇంట్లోనే ఉంచుకుంటామని పట్టుబట్టరు.

ఇందాక పంచాంగం చదివిన పెద్దలు ఈ పరాభవ నామ సంవత్సరాదికి గురువు మిథునంలోనూ శని మీనంలోనూ ఉన్నారని చెప్పారు. అందరం తలలూపాము. ఆదాయ వ్యయాలు విని కొందరం నిట్టూర్చాము. కాని బయటికి వెళ్ళి, ఆ గురువు ఎక్కడున్నాడో వేలు పెట్టి చూపించమంటే ఈ హాల్లో ఎంతమందిమి చూపించగలం? మా వరకు మేము తొమ్మిదేళ్ళ క్రితం చూపించలేకపోయేవాళ్ళమే.

మా మొదటి టెలిస్కోపు 2017 డిసెంబరులో, క్రిస్మస్ తగ్గింపు ధరల్లో కొన్నది. ఏ దుకాణమన్నది అనవసరం. అట్టపెట్టె మీద రంగురంగుల శనిగ్రహం బొమ్మ, దాని పక్కన పెద్ద అక్షరాలతో 525 రెట్లు అని ఉంది. మనం మార్కులంటే గౌరవం ఉన్న జాతివాళ్ళం. మా చదువుల రోజుల్లో పదో తరగతిలో 600కు 525 వస్తే వీధంతా పిప్పరమెంట్లు పంచేవారు. వెంటనే కొనేశాము.

ఆ 525 అబద్ధమేమీ కాదు. హైస్కూలు భౌతికశాస్త్రం గుర్తుంటే, వస్తు కటకం నాభ్యంతరాన్ని అక్షి కటకం నాభ్యంతరంతో భాగిస్తే టెలిస్కోపు ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో వస్తుంది. అక్షి కటకం అంటే మనం కన్ను పెట్టే చిన్న గొట్టం. ఇక్కడ అందరూ ఐపీసు అంటారు, మేమూ అలాగే అంటాము. ఆ పెట్టెలో టెలిస్కోపు నాభ్యంతరం 700 మిల్లీమీటర్లు. చిన్న ఐపీసు 4 మిల్లీమీటర్లు. భాగిస్తే 175. మధ్యలో బార్లో కటకం అని, మూడింతలు చేసేది ఒకటి ఇచ్చారు. 175 మూళ్ళు 525. లెక్క సరిపోయింది.

లెక్కలో చెప్పని సంగతి వెలుగు. ఆ టెలిస్కోపు ముందు గాజు వెడల్పు 60 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాల పైచిల్లర. దానిలో పట్టే వెలుగు అంతే. దాన్ని 525 రెట్లకు సాగదీయటమంటే గరిటెడు పిండితో చాపంత దోసె పోయటమే. పెనం కనిపిస్తుంది, దోసె కనిపించదు. అనుభవజ్ఞులు చెప్పే మోటు లెక్క ఒకటుంది: గాజు వెడల్పు అంగుళానికి 50 రెట్లు, అంతకు మించి ఆశపడకూడదు. ఆ లెక్కన మా టెలిస్కోపు హద్దు 120. మైనస్ 28 డిగ్రీల చలిలో, ఒకరి తరువాత ఒకరం కన్ను పెట్టి మేము ఆ రాత్రి చూసింది మా కనురెప్పల వెంట్రుకలను మాత్రమే.

మరుసటి ఏడు వసంతంలో బుద్ధి తెచ్చుకుని, నలుగురినీ అడిగి, 8 అంగుళాల డాబ్సోనియన్ తెచ్చుకున్నాము. ఈ పేరు వెనక ఉన్న మనిషి గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేము. జాన్ డాబ్సన్ 1915లో చైనాలోని బీజింగులో పుట్టాడు. 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయం వారి వేదాంత ఆశ్రమంలో చేరి 23 ఏళ్ళు సన్యాసిగా ఉన్నాడు. ఆశ్రమంలో ఉంటూనే ఓడ కిటికీల గాజులు సంపాదించి, అరగదీసి అద్దాలు చేసి, అట్ట గొట్టాల్లోనూ చెక్క పెట్టెల్లోనూ బిగించి, దారినపోయేవాళ్ళను పిలిచి చంద్రుణ్ణి చూపించేవాడు. ఈ గోలతో ఆశ్రమ విధులకు లోటు వస్తున్నదని 1967లో ఆయన్ను బయటికి పంపారు. ఆ మరుసటి సంవత్సరం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో కాలిబాటలే ఆయన ఆశ్రమం. తన పద్ధతికి పేటెంటు తీసుకోలేదు. 2014లో పోయాడు. మోటార్లూ పళ్ళచక్రాలూ లేకుండా, ఫిరంగిలాగా చేత్తో తిప్పుకునే టెలిస్కోపు ఈనాడు మూడు మధ్యతరగతి కుటుంబాలు కలిసి కొనుక్కోగల ధరకు దొరుకుతున్నదంటే ఆ మాజీ సన్యాసి చలవే.

మా డాబ్సోనియన్ నాభ్యంతరం 1200 మిల్లీమీటర్లు. దానితోపాటు 25, 10 మిల్లీమీటర్ల ఐపీసులు రెండు వచ్చాయి. 48 రెట్లు, 120 రెట్లు. రెండూ ప్లోసెల్ రకం. 1860లో వియన్నాలోని ప్లోసెల్ అనే పనివాడు రూపొందించిన నాలుగు కటకాల అమరిక అది. నూట అరవై ఏళ్ళు దాటినా ఇంకా అమ్ముడుపోతూనే ఉంది. ఆ రెండింటితో తృప్తిపడితే ఈ ప్రసంగం ఉండేది కాదు. 525 తిన్న నాలుక మాది. 48 రెట్లేమిటి, పిల్లకాయల సామాను అనుకుని, విడిగా 4 మిల్లీమీటర్ల ఐపీసు ఒకటి తెప్పించాము. 300 రెట్లు. ఎనిమిదంగుళాల అద్దానికి 400 దాకా చెల్లుతుంది కదా అన్నది మా ధీమా.

ఆ వేసవిలోనే మాలో ఒకరి నాన్నగారు విశాఖపట్నం నుంచి వచ్చారు. పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయినవారు. అప్పటికి డెబ్భై ఆరేళ్ళు. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్లయ్యాయి, మందపాటి కళ్ళజోడు. మూడు ఇళ్ళ పిల్లలూ ఆయన్ను తాతగారనే పిలిచేవారు, మేమూ అలాగే పిలిచాము. మకరరాశి. ఏలినాటి శని మొదలై కొన్ని నెలలే అయింది. టెలిస్కోపు సంగతి తెలియగానే ఆయన అన్న మాట: “ఏడున్నరేళ్ళు నా నెత్తిన కూర్చునేవాణ్ణి ఒక్కసారి మొహం చూడనివ్వండర్రా.”

ఇంకో సంగతి కూడా చెప్పారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన రాష్ట్రం మీదుగా పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంవారి జపాల్-రంగాపూర్ వేధశాల ఆ దారిలోనే ఉండటంతో ఎక్కడెక్కడి శాస్త్రజ్ఞులో వచ్చి అక్కడ మకాం పెట్టారు. మన జనం మాత్రం తలుపులు బిగించుకుని కూర్చున్నారు. విశాఖలో పాక్షికంగానే పట్టింది, అయినా వీధుల్లో పురుగు లేదట. తాతగారు కూడా కిటికీలకు దుప్పట్లు కట్టి, పిల్లలను మంచం కిందికి తోసి, తామూ లోపలే ఉన్నారు. “అప్పుడు నాకు ముప్ఫై ఎనిమిది. భయపడి కాదు, అందరూ వేసుకున్నారని నేనూ తలుపేసుకున్నాను. ఆ సంగతి ఇప్పటికీ బాధగానే ఉంటుంది” అన్నారు.

జులై నెలాఖరులో ఒక రాత్రి ముహూర్తం పెట్టుకున్నాము. ఇక్కడి వేసవి సంగతి మీకు తెలియనిది కాదు. జూన్‌లో తొమ్మిదిన్నర దాకా సూర్యుడుంటాడు, మే నెలాఖరు నుంచి జులై మూడో వారం దాకా అర్ధరాత్రి కూడా ఉత్తరాన వెలుగు పూర్తిగా ఆరదు. పైగా ఆ సంవత్సరం శని ధనూరాశిలో, ఆకాశంలో బాగా దక్షిణాన ఉన్నాడు. విశాఖలో అయితే ఆ శని సగం ఆకాశం ఎక్కి నిలబడేవాడు. 52వ అక్షాంశం మీద ఉన్న సస్కటూన్‌లో అతని గరిష్ఠమైన ఎత్తు 16 డిగ్రీలు. చేయి చాచి పిడికిలి బిగిస్తే అది 10 డిగ్రీలు అడ్డుతుంది. అంటే పిడికిలిన్నర ఎత్తు, సరిగ్గా ఎదురింటివారి కప్పు మీద. పగలంతా ఎండకు కాగిన ఆ కప్పు రాత్రి ఆవిరి విడుస్తుంటే, ఆ ఆవిరిలో నుంచి చూడాలి.

300 రెట్ల ఐపీసు పెట్టాము. శని దొరికాడు. సాంబారులో ముక్కలాగా ఉడుకుతూ దొరికాడు. అయినా మధ్యమధ్య ఒక్కొక్క క్షణం వలయం తేటగా కనిపించేది. మాలో ఒకరు ఫోకస్ సరిచేసి, పక్కకు తప్పుకుని, “రండి తాతగారూ” అన్నారు. ఆయన మెట్లు దిగి, కండువా సర్దుకుని, వంగి, కళ్ళజోడుతోనే కన్ను ఆనించారు. కొంతసేపు చూశారు. “ఆహా! అద్భుతం!” అన్నారు. మేము చప్పట్లు కొట్టాము. ఫోటో కూడా తీసుకున్నాము.

మర్నాడు ఉదయం ఆయన మా పిల్లల్లో పెద్దదాన్ని, అప్పటికి తొమ్మిదేళ్ళది, పక్కకు పిలిచారట. “అది ఎలాగుందమ్మా, నాకొకసారి చెప్పు. ఊరెళ్ళాక నలుగురూ అడుగుతారు కదా” అని అడిగారట. పిల్ల కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చింది. ఆయన మడిచి జేబులో పెట్టుకున్నారు. పిల్ల ఆ సంగతి సాయంత్రం అన్నం దగ్గర మామూలుగా చెప్పింది. మా ఎవరికీ ముద్ద దిగలేదు.

పెళ్ళిలో పురోహితుడు పట్టపగలు పందిట్లోంచి ఆకాశం వైపు చెయ్యి చూపి, అదిగో అరుంధతి, కనిపించిందా అంటే, కనిపించిందండీ అన్నవాళ్ళమే మనమంతా. పెద్దాయనా అదే చేశారు. అంత శ్రమపడి పిల్లలు చూపిస్తుంటే కనిపించలేదని ఎలా అంటాడు?

ఎందుకు కనిపించలేదో అప్పుడు మాకు తెలియదు. ఆ శనివారం సాయంత్రం విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న పాత అబ్జర్వేటరీకి వెళ్ళాము. 1930 నుంచి ఉన్న రాతి కట్టడం అది. పై గుమ్మటంలో 6 అంగుళాల టెలిస్కోపు ఉంది. మేము వెళ్ళిన రోజుల్లో శనివారాలు అందరికీ తెరిచేవారు. అక్కడ తోడ్పడుతున్న ఒక ఔత్సాహికుడికి మా కథ చెప్పాము. ఆయన మేము జేబులో తీసుకువెళ్ళిన 4 మిల్లీమీటర్ల ఐపీసు చేతిలోకి తీసుకుని చూసి, నవ్వకుండా, మూడు తప్పులు చెప్పాడు.

అన్నిటికన్నా పెద్దది కంటికీ గాజుకూ మధ్య ఉండవలసిన ఎడం. ప్రతి ఐపీసుకూ, గాజుకు ఇంత దూరంలో కన్ను పెడితేనే బొమ్మ మొత్తం కనిపిస్తుందన్న దూరం ఒకటుంటుంది. ప్లోసెల్ రకంలో అది నాభ్యంతరానికి ముప్పాతిక వంతు ఉంటుంది, కాస్త అటూ ఇటూగా. 4 మిల్లీమీటర్ల ఐపీసుకు 3 మిల్లీమీటర్లు. అంటే కనుగుడ్డు గాజుకు దాదాపు ఆనాలి. కళ్ళజోడున్నవారికి కనీసం 15, మేలుగా ఉండాలంటే 20 మిల్లీమీటర్లు కావాలి. తాతగారికి కనిపించింది సూదిబెజ్జంలో నల్లటి చీకటి.

రెండోది ఫోకస్. మా కంటికి కుదిర్చిన ఫోకస్ ఆయన కంటికి కుదరదు. హ్రస్వదృష్టి, దూరదృష్టి మాత్రమే ఉన్నవారు కళ్ళజోడు తీసేసి ఆ చిన్న మర తిప్పుకుంటే చాలు, టెలిస్కోపే కళ్ళజోడు పని చేస్తుంది. కంటిపొర వంకర వల్ల వచ్చే ఆస్టిగ్మాటిజం ఉన్నవారికే జోడు అవసరం, అదీ ముఖ్యంగా తక్కువ రెట్ల ఐపీసుల్లో. మర తిప్పుకోవచ్చునని ఆయనకు మేము చెప్పనే లేదు.

మూడోది విని మాకు సిగ్గు వేసింది. భూమి తిరుగుతోంది కదా. మోటారు లేని టెలిస్కోపులో బొమ్మ మెల్లగా పక్కకు జారిపోతుంది. 300 రెట్ల దగ్గర మా ఐపీసులో కనిపించే ఆకాశం ముక్క ఎంత చిన్నదంటే, శని ఈ అంచు నుంచి ఆ అంచుకు ముప్పావు నిమిషంలో దాటిపోతాడు. మేము పక్కకు తప్పుకుని, ఆయన మెట్లు దిగి, కండువా సర్దుకునేసరికి శని వెళ్ళిపోయాడు. ఆయన చూసింది ఉత్త ఆకాశం. 48 రెట్ల ఐపీసులో అయితే నాలుగు నిమిషాలకు పైగా ఉండేవాడు.

ఇది విన్నాక మేము కొనదలచుకున్న కొత్త ఐపీసుల జాబితా చించేశాము. కాని వెంటనే ఆయనకు చూపించే యోగం లేకపోయింది. ఆగస్టులో బ్రిటిష్ కొలంబియా కార్చిచ్చుల పొగ మైదానాల మీదికి వచ్చింది, మీకు గుర్తుండే ఉంటుంది. పట్టపగలు సూర్యుడు కుంకుమబొట్టులా ఉన్నాడు. చంద్రుడే సరిగా కనిపించని రాత్రులు. తాతగారి తిరుగు ప్రయాణం సెప్టెంబరు మొదటి వారంలో. ఆ మూడు వారాలు పిల్లలకన్నా మేమే ఎక్కువసార్లు కిటికీలోంచి తొంగి చూశాము.

ఆ ఖాళీ సాయంత్రాల్లోనే ఆయన తమ ఊరి కథ చెప్పారు. దాబాగార్డెన్స్‌లో ఒకప్పుడు జమీందార్లు ఇంటి ఆవరణలోనే టెలిస్కోపు పెట్టారని తమ చిన్నప్పుడు పెద్దలు చెప్పుకునేవారట. మేము తరువాత చదివి చూస్తే అది అక్షరాలా నిజం. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసు వెళ్ళి, అక్కడి వేధశాలలో జ్యోతిశ్శాస్త్రజ్ఞుడైన టేలర్ దగ్గర చదువుకుని, తిరిగివచ్చి 1840 ప్రాంతంలో విశాఖపట్నంలో తమ ఇంట సొంత వేధశాల కట్టుకున్నాడు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నిలబెట్టి, 6 అంగుళాల టెలిస్కోపు తెప్పించాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా దాటిపోవటాన్ని విశాఖ నుంచి పరిశీలించి, ఆ లెక్కలు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారి పత్రికకు పంపితే వారు అచ్చువేశారు. 1892లో ఆయన పోయారు. మనం ఇప్పుడు సస్కటూన్ పెరట్లో చేస్తున్నది కొత్త వింతేమీ కాదు. మన తెలుగువాళ్ళు నూట ఎనభై ఏళ్ళ క్రితమే, ఇంతకన్నా శ్రద్ధగా చేశారు.

ప్రయాణానికి నాలుగు రోజుల ముందు వాన పడి పొగ కడిగింది. సాయంత్రం తొమ్మిదిన్నరకు చీకటి పడింది. ఈసారి కుర్చీ వేశాము. పెట్టెతో పాటు ఉచితంగా వచ్చిన 25 మిల్లీమీటర్ల ఐపీసు పెట్టాము. దానికి ఎడం 17, 18 మిల్లీమీటర్లు ఉంటుంది, కళ్ళజోడు అడ్డురాదు. శనిని అంచు దగ్గర నిలిపాము, మధ్యలోకి జరిగి వచ్చేటట్టు. మర మీద ఆయన వేలు పెట్టి, “మీరే తిప్పుకోండి, కనిపించకపోతే కనిపించలేదనండి” అన్నాము.

ఆయన తిప్పారు. ఇటు తిప్పారు, అటు తిప్పారు. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తరువాత, “ఓరి నీ అసాధ్యం కూలా! ఇంతేనా వీడు? బియ్యపుగింజంత లేడు!” అన్నారు. ఇంకొంచెంసేపు చూసి, “చుట్టూ పళ్ళెం ఉందర్రా. పాప గీసినట్టే ఉంది” అన్నారు. ఆ మాటతో మాకు నమ్మకం కుదిరింది.

ఆయన మళ్ళీ ఇక్కడికి రాలేదు. 2021లో విశాఖలోనే పోయారు. ఏలినాటి శని పూర్తికాకముందే.

ఇక కొనదలచుకున్నవారికి నాలుగు మాటలు. దూకుడుగా కొని చేతులు కాల్చుకున్నవాళ్ళం కనుక చెప్పే అర్హత కొంత ఉందనుకుంటాము.

ముందు టెలిస్కోపు అవసరం లేదు. ఇంట్లో 7×50 బైనాక్యులర్లు ఉంటే చాలు. కృత్తికలు టెలిస్కోపులో ఇమడవు. మా 25 మిల్లీమీటర్ల ఐపీసులో కనిపించే ఆకాశం ఒక డిగ్రీకి కొంచెం పైన, కృత్తికల గుంపు దాదాపు రెండు డిగ్రీల వెడల్పు. బైనాక్యులర్లలో మాత్రం ముత్యాల పోగు పోసినట్టు ఉంటాయి.

టెలిస్కోపు కొన్నవారు ఐపీసుల పెట్టె కొనకండి. ఎనిమిది ఐపీసులూ పది రంగుగాజులూ అల్యూమినియం పెట్టెలో పెట్టి అమ్ముతారు. వంటింట్లో చాకుల సెట్టు లాంటిదే. వాడేది రెండు. మాలాంటి 1200 మిల్లీమీటర్ల టెలిస్కోపుకు 25 గాని 30 గాని తక్కువ రెట్లకు ఒకటి, 12 దగ్గరలో, కంటికి 20 మిల్లీమీటర్ల ఎడం ఇచ్చేది మరొకటి. అది 100 రెట్లు, చంద్రుడికీ గురువుకూ ఎక్కువ రాత్రులు అదే సరిపోతుంది. గాలి నిలకడగా ఉన్న రాత్రులకు రెండింతల బార్లో ఒకటి ఉంటే 12 కాస్తా 6 అవుతుంది, 200 రెట్లు. ఈ ఊళ్ళో అంతకు మించి పనికొచ్చిన రాత్రులు మాకు సంవత్సరానికి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. కొనేముందు గొట్టం కొలత చూసుకోండి. ఇప్పుడు వచ్చేవి ఒకటింబావు అంగుళం, రెండంగుళాలు. చవక టెలిస్కోపుల్లో ఇంకా సన్నవి ఉంటాయి, మా మొదటి దాని ఐపీసులు అందుకే దేనికీ పట్టలేదు.

మరీ పెద్ద ఐపీసు కూడా దండగే. టెలిస్కోపులోంచి బయటికి వచ్చే వెలుగు ఒక సన్నని కడ్డీలా ఉంటుంది. అద్దం వెడల్పును రెట్లతో భాగిస్తే ఆ కడ్డీ మందం వస్తుంది. మా టెలిస్కోపులో 40 మిల్లీమీటర్ల ఐపీసు పెడితే అది 7 మిల్లీమీటర్లకు చేరువ. కుర్రవాళ్ళ కంటిపాప చీకట్లో 7 దాకా విచ్చుకుంటుంది. యాభై దాటిన మాలాంటివారిది 5 దాటదు. మిగిలిన వెలుగు కనుపాప చుట్టూ పడి వృథా.

వెడల్పాటి ఆకాశం చూపించే ఖరీదైన ఐపీసులున్నాయి. అపోలో వ్యోమగాములు చంద్రుడి మీద దిగటం అభ్యాసం చేసిన యంత్రానికి కటకాలు రూపొందించిన ఆల్ నాగ్లర్ అనే అతను 1980 ప్రాంతంలో 82 డిగ్రీల ఐపీసు తెచ్చాడు. ఒకసారి వేరేవారిది అడిగి చూశాము. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉండదు, కిటికీ తెరుచుకుని తల బయటికి పెట్టినట్టుంటుంది. ధర అడిగి కిటికీ మూసేశాము.

చలి మాట. ఐపీసు మీద ఊపిరి పడితే క్షణంలో మంచు. నోటికి మఫ్లరు కట్టుకుని, తల పక్కకు తిప్పి ఊపిరి వదలండి. ఐపీసులు రెండూ కోటు లోపలి జేబులో ఉంచి మార్చి మార్చి వాడండి. టెలిస్కోపు ముందుగా గంటసేపు బయట పెడితే గాని అద్దం చల్లబడి బొమ్మ నిలవదు. లోపలికి తెచ్చేముందు మాత్రం మూతలు బిగించండి. లేకపోతే వంటింటి ఆవిరంతా అద్దానికే పడుతుంది. పోపు వాసన పట్టిన టెలిస్కోపు ఈ ప్రావిన్సు మొత్తంలో మాదొక్కటే అయి ఉండాలి.

రాత్రులు ఎంచుకోవటానికి మన పంచాంగాన్ని మించినది లేదు. చంద్రుణ్ణి చూడాలంటే పౌర్ణమి పనికిరాదు. వెలుగు నిట్టనిలువుగా పడి కొండా గుంటా తెలియవు. శుక్ల పంచమి నుంచి నవమి దాకా, వెలుగు చీకట్ల గీత వెంట చూడండి. గోతుల అంచులు రేకుల్లా లేస్తాయి. మృగశిర దిగువన ఉన్న నీహారిక వంటి మసకవాటికి అమావాస్య ఇటూ అటూ రాత్రులు. అమావాస్యనాడు ఏ పనీ మొదలుపెట్టకూడదనే పెద్దలకు ఈ ఒక్క పనికి మినహాయింపు ఇప్పించాలి. వీలైతే ఊరి దీపాలు దాటి అరగంట పొండి. సెలవులుంటే సైప్రస్ హిల్స్‌కు వెళ్ళండి, 2004 నుంచి అది చీకటిని కాపాడే ఉద్యానం. ఉత్తర కాంతులు వచ్చిన రాత్రి, 2024 మే 10న వచ్చినట్టుగా, ఐపీసులన్నీ పెట్టెలో పెట్టి గడ్డి మీద వెల్లకిలా పడుకోండి.

ఇక్కడికి వచ్చి మనం పోగొట్టుకున్న నక్షత్రం ఒకటుంది. అగస్త్యుడు. విశాఖలో మాఘమాసపు రాత్రి దక్షిణాన ఇరవై డిగ్రీల ఎత్తున మెరుస్తాడు. సస్కటూన్‌లో ఎప్పటికీ ఉదయించడు. బదులుగా దొరికినది అరుంధతి. మన ఊళ్ళలో సప్తర్షులు సంవత్సరంలో కొంతకాలం కనపడకుండా పోతారు. ఇక్కడ ధ్రువుడు 52 డిగ్రీల ఎత్తున ఉండటం వల్ల వారు అస్తమించరు. ఏ రాత్రయినా, ఏ వేళయినా అరుంధతీ వసిష్ఠులు పైనే ఉంటారు. టెలిస్కోపులో చూస్తే వసిష్ఠుడు ఒకరు కాదు, దగ్గరదగ్గరగా ఇద్దరు. 48 రెట్లకే విడివడతారు. 1617లోనే గెలీలియో శిష్యుడు కాస్టెల్లి ఈ సంగతి పట్టుకున్నాడు.

శని ఇవాళ సూర్యుడి పక్కన ఉన్నాడు కనుక కనిపించడు. 2025 మార్చిలో అతని వలయాలు మనకు అంచుగా తిరిగి గీతలా సన్నబడ్డాయి. మళ్ళీ విచ్చుకుంటున్నాయి. 2032 నాటికి బాగా తెరుచుకుంటాయి, అప్పటికి శని వృషభ మిథునాల్లోకి వచ్చి మన ఊళ్ళో 60 డిగ్రీల ఎత్తు ఎక్కుతాడు. ఎదురింటి కప్పుతో పని ఉండదు. అప్పుడు బొమ్మ గీసి ఇచ్చిన పిల్ల ఇప్పుడు యూనివర్సిటీకి వెళ్ళబోతున్నది.

గంట కొడుతున్నారు. భోజనాల తరువాత మబ్బు లేకపోతే వెనక కారు పార్కింగులో టెలిస్కోపు పెడతాము. పడమట మూడు రోజుల నెలవంక ఉంటుంది, నడినెత్తికి దగ్గరగా గురువు, అతని నలుగురు చంద్రులు. ఈశాన్యంలో అరుంధతి. పెళ్ళినాడు కనిపించిందని చెప్పిన దంపతులందరూ రావచ్చు. ఐపీసు 25 మిల్లీమీటర్లదే పెడతాము. కళ్ళజోడున్న పెద్దలు ముందు వరసలో నిలబడండి, కుర్చీ ఉంటుంది. ఫోకస్ మర గొట్టం పక్కనే ఉంది, మీ వేలితో మీరే తిప్పుకోండి. మొహమాటపడి “బాగుంది” అన్నవారిని లోపల ఏం కనిపించిందో వర్ణించమని అడుగుతాము.